నీలం పిల్లాడు ఎడమకి ఎందుకు తిరిగాడు

అత్తగారు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేదాకా ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకి మాటలు లేవని కాదు. ఉన్నాయి. "గ్యాసు కట్టావా?" "కట్టానత్తయ్యా." "తలుపు వేశావా?" "వేశానత్తయ్యా." పెళ్ళయి మూడేళ్ళయినా సంభాషణ గ్యాసు దగ్గర బయల్దేరి తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ గ్యాసు దగ్గరికే వచ్చేది. గొడవలు మాత్రం లేవు. గొడవపడాలన్నా కాస్త చనువుండాలి.

అత్తగారు బట్టల మిల్లులో తనిఖీ బల్ల దగ్గర పనిచేసి రిటైరయిన మనిషి. నేసిన గుడ్డ బల్ల మీదుగా జారుతూ వస్తుంటే దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచేవారు. పోగు తెగినా, ముడి పడినా ఆ చేతికి తెలిసిపోయేది. తప్పున్నచోట సుద్దముక్కతో ఒక గీత. తప్పు లేకపోతే "వెళ్ళనీ" అని ఒక్క మాట. బాగుంది అనే మాట ఆ బల్ల దగ్గర ఎవరూ వినలేదు. బాగుండటం గుడ్డ బాధ్యత, దానికి మెచ్చుకోవడం దేనికని ఆవిడ ఉద్దేశం. కొడుకు పుట్టినప్పుడు నర్సు తెచ్చి చూపిస్తే, చేతివేళ్ళూ కాలివేళ్ళూ విడదీసి చూసి "వెళ్ళనీ" అన్నారని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆవిడకి తెగిన పోగు కన్నా అసహ్యమైనది అబద్ధం ఒక్కటే. ఎప్పుడో ఒక మధ్యాహ్నం ఆడపడుచు వచ్చి, భోజనానికి లెమ్మంటే, "తినే వచ్చాను వదినా" అంది. కాసేపు కూర్చుని లేచి వెళ్ళి పక్కింట్లో తిన్నది. సాయంత్రానికి సంగతి తెలిసింది. ఆ రోజు నుంచి అత్తగారు ఆమెతో మాట్లాడలేదు. ఆడపడుచు పోయినప్పుడు వెళ్ళారు, పక్కనే కూర్చున్నారు కూడా. అప్పుడూ మాట్లాడలేదు.

కోడలు సినిమా హాల్లో ఊడ్చే పని చేస్తుంది. ఊడ్చేవాళ్ళు నలుగురు, వాళ్ళ మీద పెద్ద టార్చక్క. చేతిలో టార్చి లేకుండా ఆమెని చూసినవాళ్ళు లేరు, ఎండలో కూడా. సినిమా అయిపోవడానికి పది నిమిషాలుందనగా సామాన్ల గదిలో ఎర్రలైటు వెలుగుతుంది. అప్పుడు నలుగురూ చీపుళ్ళూ సంచులూ పట్టుకుని, పక్క తలుపులోంచి లోపలికొచ్చి, గోడవారన ఎవరి చోట వాళ్ళు నిలబడాలి. లైట్లు వెయ్యగానే వెనక వరస నుంచి అందుకోవాలి. ఎందుకంటే తరవాతి ఆటకి జనం అప్పటికే బయట తోసుకుంటూ ఉంటారు.

అందువల్ల కోడలికి సినిమాలన్నీ చివర నుంచే తెలుసు. ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకున్నారో తెలుసు, ఎందుకు చేసుకున్నారో తెలీదు. ఎవరు చచ్చిపోయారో తెలుసు. పోయినవాడు మంచివాడో కాదో పక్కన ఏడ్చేవాళ్ళని బట్టి పోల్చుకునేది.

ఆ సెలవుల్లో ఆడుతున్నది పిల్లల బొమ్మల సినిమా, వీడియో గేము లోపల ఉండేవాళ్ళ కథ. వీళ్ళు లోపలికి వచ్చేసరికి తెర మీద ఇనుప పళ్ళ మనిషొకడు ఒక నీలం పిల్లాణ్ణి భుజాల మీంచి దింపుతుంటాడు. పిల్లాడికి మెడ లేదు, తల గుండ్రంగా బొంగరంలా ఉంటుంది. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. పిల్లాడు ఒక కాలు ఎత్తుతాడు. మెల్లగా ఎడమవైపుకి తిరుగుతాడు. అంతే. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొడతారు, తల్లులు కళ్ళు తుడుచుకుంటారు. వాడు ఎడమకి నడుస్తాడు, నడుస్తూ ఉండగా తెరంతా తెల్లగా అయిపోతుంది. ఆ తరవాత అందరూ కలిసి డాన్సు.

ఎడమకి తిరిగితే ఏడవడం దేనికో కోడలికి అర్థం కాలేదు. రోజూ వరసల మధ్య చీపురు పట్టుకుని తను ఎన్నిసార్లు ఎడమకి తిరుగుతుందో, ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

అత్తగారు మంచాన పడ్డాక ఇంట్లో గ్యాసు గురించి అడగడానికి కూడా కారణం లేకుండా పోయింది, వంటింటి చప్పుడు ఆవిడ మంచం దాకా వినిపిస్తుంది మరి. కొడుకు బ్రెడ్డు కంపెనీ వ్యాను నడుపుతాడు, తెల్లవారకముందే పోతాడు, వచ్చి తిని పడుకుంటాడు. టీవీ పెట్టి చూశారు. వార్తలు చదివే అమ్మాయి జాకెట్టు భుజం దగ్గర కుట్టు వంకరగా ఉంది. రెండో రోజు కూడా అలాగే ఉంది. అత్తగారు టీవీ కట్టించేశారు.

ఒక సాయంత్రం కోడలు టీ ఇచ్చి వెళ్ళబోతుంటే వెనకనుంచి గొంతు వినబడింది.

"మీ హాల్లో ఏం ఆడుతోంది?"

కోడలు ఆగింది. ఇది గ్యాసూ కాదు, తలుపూ కాదు.

"పిల్లల సినిమా అత్తయ్యా. బొమ్మలది. వీడియో గేముల గురించి."

"చూశావా?"

"చూశానత్తయ్యా."

"కథేంటి?"

"చివర్లో ఒక నీలం పిల్లాడు..."

"చివర ఎవరడిగారు. కూర్చుని మొదటినుంచి చెప్పు."

మొదటిది నేను చూడలేదత్తయ్యా అనడానికి అదే సమయం. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అత్తగారు మంచం పక్కనున్న స్టూలు మీంచి మందుల డబ్బా తీసి పక్కన పెట్టారు. మూడేళ్ళలో ఆవిడ ఆమె కోసం ఒక వస్తువు జరపడం అదే మొదలు. కోడలు కూర్చుంది. కూర్చున్నాక నోరు దానంతటదే, "ఒక ఊళ్ళో ఒక నీలం పిల్లాడుంటాడు" అంది.

అక్కణ్ణుంచి ఆమె ఆ కథని చివర నుంచి మొదటికి నేసుకుంటూ వచ్చింది. హాలు బయట వరండాలో పిల్లలు ఆడుకునే గేము పెట్టె ఒకటుంది. అందులో బొమ్మలన్నీ కుడివైపుకే పరిగెడతాయి. ఎడమకి తిరిగితే చప్పట్లు కొట్టారంటే ఈ పిల్లాడికి కూడా అంతకుముందు తిరగడం చేతకాదన్నమాట. సరే, వాడు కుడికే పోతాడు. మరి చివర్లో ఎడమకి ఎందుకు తిరిగాడు? ఎడమవైపు ఏదో వదిలేసి వచ్చాడు. ఏం వదిలేశాడు? ఈ ప్రశ్న దగ్గర కోడలు వరస మధ్యలో చీపురు పట్టుకుని నిలబడిపోతే టార్చక్క మొహం మీద టార్చి వేసింది.

"ఏమే, సీటు కింద నిధి దొరికిందా?"

ఆ సాయంత్రం ఎడమవైపున ఒక పెద్దావిడ వెలిసింది. గేము మొదట్లో ఒక గుమ్మం ఉంటుంది, ఆ గుమ్మం దగ్గర లాంతరు పట్టుకుని ఆవిడ నిలబడి ఉంటుంది. పిల్లాడు పుట్టగానే తలుపు తీసి కుడివైపుకి పంపుతుంది. వాడు పోతాడు. వెనక్కి చూడ్డం రాదు కాబట్టి చూడడు. పడిపోయి చచ్చిన ప్రతిసారీ మళ్ళీ ఆ గుమ్మం దగ్గరే పుడతాడు, ఆవిడ మళ్ళీ తలుపు తీస్తుంది.

"చచ్చి మళ్ళీ పుట్టడమేమిటి?" అన్నారు అత్తగారు.

"వాడికి మూడు ప్రాణాలుంటాయత్తయ్యా. గేము కదా."

"ఆ ముక్క నిన్ననే చెప్పకూడదూ. వాడు లోయలో పడ్డాడని చెప్పి నువ్వు పోయి పడుకున్నావు. నాకు కన్ను మూతపడలేదు."

"మర్చిపోయానత్తయ్యా."

"మూడు ప్రాణాలు," అని ఆవిడ కాసేపు పైకప్పు చూశారు. "నాకూ ఉంటే, ఒకటి బాత్రూములో పోయిందిలే అని ఊరుకునేదాన్ని."

రోజూ సాయంత్రం టీ, స్టూలు, కథ. కోడలు చెప్పుకుపోతుంటే అత్తగారు దుప్పటి మీద అరచెయ్యి ఆనించి మెల్లగా జరుపుతూ వినేవారు. చెయ్యి ఆగిందంటే తప్పు దొరికిందన్నమాట.

"దారిలో గాల్లో నక్షత్రాలు వేలాడతాయత్తయ్యా. ఎగిరి ఏరుకుంటాడు."

"ఏరుకుని?"

"ఏమీ లేదు. ఎన్ని ఏరాడో అంకె పెరుగుతుంది."

"మా మిల్లు మేనేజరు లాగా. సరే, వాడు తినేదేమిటి?"

"తినడత్తయ్యా."

"పొద్దస్తమానం పరిగెత్తేవాడు తినకపోతే ఎలా. నువ్వు సరిగా చూసుండవు. రేపు చూసి చెప్పు."

మర్నాటికి గుమ్మం దగ్గర పెద్దావిడ పిల్లాడి సంచిలో రొట్టె పెట్టి పంపడం మొదలుపెట్టింది. లాంతరులో నూనె ఎవరు పోస్తారని అత్తగారు అడిగితే, పిల్లాడు ఏరిన నక్షత్రాలే రాలి వెనక్కి కొట్టుకొచ్చి లాంతరులో పడి వెలుగుతాయని తేలింది. ఇనుప పళ్ళవాడు చివర్లో పిల్లాణ్ణి భుజాలకెత్తుకున్నాడు కాబట్టి వాణ్ణి కోడలు మేనమామని చేసింది. "పళ్ళు అలా ఎందుకున్నాయి?" అంటే, చిన్నప్పుడు మేకులు నమిలే అలవాటు అంది. అత్తగారి చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

ఆవిడ పట్టుకున్న తప్పులన్నీ దిద్దుతూ పోయేసరికి కథ గట్టిపడింది. కోడలు చీపురు ఆడిస్తూ ఆ ఊరి సందులన్నీ తిరిగేది. ఇంటికి వస్తూ దారిలో నవ్వుకునేది. అది అబద్ధమన్న సంగతి మధ్యమధ్యలో గుర్తొచ్చేది గానీ, మంచం పక్కన స్టూలు ఖాళీగా పెట్టి ఉండటం చూస్తే మళ్ళీ మర్చిపోయేది.

చిక్కు చివర్లో వచ్చింది. అన్నీ అయిపోయి, కోడలు తను కళ్ళారా చూసిన పది నిమిషాల దగ్గరికి చేరింది. అక్కడ మాత్రం ఒక్క మాట కల్పించలేదు. కాలు ఎత్తడం, మెల్లగా తిరగడం, తెర తెల్లబడటం, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. తన చేతిలో లేని భాగం కదా, దాని మీద ఆమెకి గౌరవం ఎక్కువ.

"తరవాత?"

"డాన్సత్తయ్యా."

"డాన్సు కాదు. ఆవిడ దగ్గరికి చేరాడా, లేదా?"

"అది చూపించరు. తెల్లగా అయిపోతుంది."

"అంత దారి నడిపించి, చేరాడో లేదో చూపించకుండా ఎలా వదిలేస్తారు. ఎక్కడో ఒక మూల చూపించే ఉంటారు. నువ్వు చివర్లో చీపురు వెతుక్కుంటూ ఉండుంటావు." ఆవిడ మంచం పట్టీ పట్టుకుని లేచి కూర్చున్నారు. "డాక్టరు నన్ను నడవమన్నాడుగా. నేనే వచ్చి చూస్తాను."

కొడుక్కి ఇది నచ్చింది. "వెళ్ళమ్మా, నీకూ కాలక్షేపం," అన్నాడు. భార్య మొహం ఎందుకు పాలిపోయిందో అతనికి తెలీదు. తెలిసినా చేసేదేమీ లేదు, వ్యానుకి వేళయింది.

సినిమా మారిపోతుందేమోనని కోడలు రోజూ పోస్టరు వంక ఆశగా చూసింది. మారలేదు. పిల్లలకి తెగ నచ్చింది. టార్చక్క సంతోషంగా రెండు పాసులు తెచ్చిచ్చింది, ఆ రోజు సెలవు కూడా ఇచ్చింది.

అత్తగారు చేతికర్రతో, మిల్లులో వాడిన కళ్ళద్దాలు పెట్టుకుని, నడవ పక్క సీట్లో కూర్చున్నారు. చుట్టూ పిల్లలు. లైట్లు ఆరాయి. సినిమా ఎలా మొదలవుతుందో కోడలికి కూడా అప్పుడే తెలిసింది. వాన పడుతోంది. కథలో ఆమె వాన పెట్టలేదు.

ఒక ఇంట్లో ఒక పాప, చేతిలో గేము. పండ్లరసం గ్లాసు ఒలికింది. గేము లోపల నీలం పిల్లాడు పుట్టి, ఒళ్ళు విదిలించుకుని కుడికి పరిగెత్తాడు. గుమ్మం లేదు. లాంతరు లేదు.

"ఆవిడేది?" అన్నారు అత్తగారు. తనిఖీ బల్ల దగ్గర మగ్గాల చప్పుడు మీద వినపడటానికి అలవాటైన గొంతు అది.

"వస్తుందత్తయ్యా," అంది కోడలు. అలా అంటే నిజంగానే వస్తుందేమోనని ఒక క్షణం ఆమెకీ అనిపించింది.

పిల్లాడు నక్షత్రాలు ఏరాడు. సంచి లేదు, రొట్టె లేదు. ఇంతలో ఇనుప పళ్ళవాడు వచ్చి సగం ఊరిని మింగేశాడు.

"మేనమామ ఊరిని మింగుతాడేమిటి?"

ముందు వరసలో ఒక తండ్రి వెనక్కి తిరిగి చూశాడు. "మేనమామ కాదండీ, విలన్," అన్నాడు మర్యాదగా.

"మీకు తెలీదు," అన్నారు అత్తగారు.

ఇంటర్వెల్లులో ఆవిడ లేవలేదు. "ఇది వేరే సినిమా. పక్క హాల్లోకి వచ్చి కూర్చున్నాం," అన్నారు.

పలకరించడానికి వచ్చిన టార్చక్క ఆ మాట విన్నది. "పక్క హాలెక్కడిది పెద్దమ్మా, ఉన్నదే ఒకటి. మీ పిల్లాడే, నీలం పిల్లాడే," అని ధైర్యం చెప్పి వెళ్ళిపోయింది. అత్తగారు కోడలి వైపు చూడలేదు. కోడలు పాప్‌కార్న్ పొట్లాం పట్టుకుని, అందులో ఒక్క గింజ కూడా తినకుండా, వేడి చల్లారేదాకా చేతిలోనే ఉంచుకుంది.

రెండో సగంలో అత్తగారు ఒక్క ప్రశ్న అడగలేదు. అదే భయం. పాప వాళ్ళ నాన్న గేము విప్పి, దూదితో ఎడమ బొత్తం తుడిచాడు. రసం పడి అంటుకుపోయిందట. ఇన్నాళ్ళూ వాడు కుడికే పోయింది అందుకట. కోడలు తన భయం కూడా మర్చిపోయి తెర వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఇంతేనా అనుకుంది.

అప్పుడు పక్క తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. టార్చక్క వెనకాల ముగ్గురు చీపుళ్ళూ సంచులూ పట్టుకుని లోపలికొచ్చారు. గోడవారన ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. రెండో మనిషికీ మూడో మనిషికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. కోడలు సెలవులో ఉన్నా, అలవాటుకొద్దీ ఎవరూ ఆ చోటులోకి జరగలేదు.

అత్తగారు తల తిప్పి వాళ్ళని చూశారు. ఆ ఖాళీని చూశారు. మళ్ళీ తెర వైపు తిరిగారు. ఇనుప పళ్ళవాడు పిల్లాణ్ణి భుజాల మీంచి దింపుతున్నాడు. అక్కణ్ణుంచి అంతా ఆవిడకి తెలిసిన కథే, పోగు పోగునా. పిల్లాడు కాలు ఎత్తాడు. అత్తగారి అరచెయ్యి కుర్చీ చేతి మీద మెల్లగా జరుగుతోంది, ఎక్కడా ఆగలేదు. వాడు తిరిగాడు. చప్పట్లు. తెల్లటి తెర. డాన్సు.

లైట్లు వేశారు. టార్చక్క మనుషులు వెనక వరస నుంచి ఊడ్చుకుంటూ వచ్చారు. తమ వరస వచ్చినప్పుడు అత్తగారు, కర్ర సాయంతో, కాళ్ళు రెండూ జాగ్రత్తగా పైకెత్తి పట్టుకున్నారు.

ఇద్దరూ ఇంటికి బస్సెక్కారు. బస్సులో కోడలు కిటికీ బయట చూస్తూ ఆడపడుచు గురించి ఆలోచించింది. ఆమె కనీసం ఒక పూట భోజనం గురించే అబద్ధం చెప్పింది. తను ఒక ఊరే కట్టింది. ఇకనుంచి గ్యాసు సంగతి కూడా అడగరు.

కొడుకు అప్పుడే వ్యాను పెట్టి వచ్చాడు. "ఎలా ఉందమ్మా సినిమా?"

అత్తగారు మంచం మీద కూర్చుని కర్ర గోడకి ఆనించారు.

"మొదలుపెట్టడం రాలేదు వాళ్ళకి. వాన దేనికో తెలీదు. పరిగెత్తే పిల్లాడికి తిండి లేదు, ఆ సంగతి ఒక్కళ్ళూ పట్టించుకోలేదు. ఇనుప పళ్ళవాడు ఊరు మింగి, చివర్లో అందరితో కలిసి డాన్సు చేస్తే, వీడు మొన్ననే కదా మనల్ని మింగాడని అడిగేవాడు లేడు. గంటన్నర ఏడిపించి ఆఖరికి బొత్తం జిగురు అన్నారు. రంగులు బాగా అద్దారు, దానికేం. చివరి పది నిమిషాలు మాత్రం తప్పులేదు."

"అయితే బాగుందనేగా?"

"నువ్వెళ్ళి కాళ్ళు కడుక్కో."

అతను వెళ్ళాడు. కోడలు టీ తెచ్చి మంచం పక్కన పెట్టింది. స్టూలు మీద మందుల డబ్బా ఉంది. ఆమె దాన్ని ముట్టుకోకుండా నిలబడింది.

"చివరి పది నిమిషాలు తప్ప ఏమీ చూడలేదు నువ్వు," అన్నారు అత్తగారు.

"లేదత్తయ్యా."

"చూశానన్నావు."

"అన్నాను."

అత్తగారు టీ చల్లారేలా ఊదారు. తాగలేదు, మళ్ళీ ఊదారు.

"మా ఆడపడుచు తినే వచ్చానని నాతో చెప్పి పక్కింట్లో తిన్నది."

"తెలుసత్తయ్యా. ఇంట్లో అందరూ చెబుతారు."

"అందరూ చెబుతారు, పూర్తిగా చెప్పరు. ఆ రోజు నేను దాని కోసమే వండాను." ఆవిడ గ్లాసు కింద పెట్టారు. "అది వండినది వదిలేసి పోయింది. నువ్వు ఇంట్లో ఏమీ లేకపోయినా అన్నీ ఉన్నాయని చెప్పి, ఎక్కడెక్కడివో తెచ్చి వండి పెట్టావు. రెండూ ఒకటేనా అని బస్సులో ఆలోచించాను."

"ఒకటేనా అత్తయ్యా?"

"ఇంకా ఆలోచిస్తున్నాను. ఈలోపు నిలబడి ఉండటం దేనికి."

ఆవిడ చెయ్యి చాచి స్టూలు మీంచి మందుల డబ్బా తీసి పక్కన పెట్టారు. కోడలు కూర్చుంది.

"వాడు ఎడమకి తిరిగాడు. అక్కడిదాకా వాళ్ళది. ఆ తరవాతది వాళ్ళకి తెలీదని ఇవాళ నేను నా కళ్ళతో చూశాను. నువ్వు చెప్పు. చేరాడా?"

కోడలు ఆలోచించింది. ఈసారి చివర కూడా తన చేతిలోనే ఉంది. ఎర్రలైటు వెలిగిస్తే లోపలికి వెళ్ళి చూసి రావడానికి తలుపేమీ లేదు.

"నడిచాడత్తయ్యా. ఎడమకి నడవడం కొత్త కదా, మొదట్లో కాళ్ళు తడబడ్డాయి. గోడ పట్టుకుని నడిచాడు."

"కర్ర ఇవ్వు వాడికి."

"మేనమామ ఇచ్చాడు. కర్ర పట్టుకుని నడిచాడు. గుమ్మం కనిపించింది. లాంతరు ఆరిపోయి ఉంది."

దుప్పటి మీద చెయ్యి ఆగింది. "ఎందుకు ఆరిపోయింది?"

"వాడు చావడం మానేశాడు కదత్తయ్యా. అందుకని మళ్ళీ గుమ్మం దగ్గర పుట్టలేదు. నక్షత్రాలు ఏరడం మానేశాడు, అందుకని లాంతరులోకి ఏమీ రాలేదు. ఆవిడ చీకట్లోనే నిలబడి ఉంది."

"తలుపు?"

"తీసే ఉంది."

"చీకట్లో ఎవరో వస్తుంటే ఆవిడకెలా తెలిసింది, వీడేనని?"

"అడుగుల చప్పుడు కుడివైపు నుంచి వచ్చింది. ఇన్నేళ్ళలో అటునుంచి ఎవరూ రాలేదు."

లోపల బాత్రూములో కొడుకు కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ అరచెయ్యి దుప్పటి మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"వెళ్ళనీ," అన్నారు.